శిక్షాశబ్దము – ఆనాపానసతి యందలి క్రమసాధన

తెలుగున 'శిక్ష' యనగానే నేటి పాఠకునకు ముందుగా స్ఫురించునది దండనము. అభ్యాసార్థమును 'శిక్షణము' అను రూపము గ్రహించినది. సంస్కృతమున నేర్చుకొనుటయే ఈ పదమునకు ప్రధానార్థము. వేదాంగములలో నొకటి శిక్ష యను పేరు దాల్చుటయే యిందుకు నిదర్శనము. పాలిభాషలో నిది 'సిక్ఖా' అను రూపమున బౌద్ధసాధన కంతటికిని ఆధారమైనది. అధిశీలము, అధిచిత్తము, అధిప్రజ్ఞ యని శిక్షలు మూడు. బౌద్ధగ్రంథములను తెలుగున బోధించునపుడు ఈ పదమునకు దండనచ్ఛాయ సోకినచో, ధ్యానమనగా మనస్సును బలాత్కారముగ నణచుట యను భ్రాంతి కలుగును. కావున సుత్తములలో నీ పదము నిర్వహించిన కార్యమును పరిశీలింతము.

శ్వాసను బంధించు సాధనను బుద్ధుడెఱుగనివాడు కాడు. సంబోధికి పూర్వము తాను ఊపిరి బిగబట్టి తపించినట్లును, తీవ్రమైన శిరోవేదన తప్ప ఫలము లేకపోయినట్లును మజ్ఝిమనికాయమందలి 36వదగు మహాసచ్చక సుత్తమున నతడే చెప్పుకొనును. ఆ మార్గమును విడిచిన పిదపనే యతనికి బాల్యమున నేరేడుచెట్టు నీడను అనాయాసముగ కలిగిన ప్రథమధ్యానము స్మృతికి వచ్చినది.

ఇక క్రమమును గూర్చి. 107వదగు గణకమొగ్గల్లాన సుత్తమునకు రంగము శ్రావస్తి సమీపమున విశాఖ కట్టించిన ప్రాసాదము. గణకుడైన బ్రాహ్మణుడొకడు ఆ మేడమెట్లను ఉదాహరించి, అధ్యయనమునందును, విలువిద్యయందును, గణితమునందును క్రమము కానవచ్చునట్లు ఈ ధర్మమునందును కానవచ్చునా యని యడుగును. బుద్ధుడు కలదని చెప్పి, శీలము, ఇంద్రియరక్షణము, ఆహారమునందు మితము, జాగరూకత, స్మృతిసంప్రజన్యములు, ఏకాంతమున పంచనీవరణముల పరిత్యాగము, పిదప నాలుగు ధ్యానములు అని మెట్లను వరుసగా పేర్కొనును.

118వదగు ఆనాపానసతి సుత్తమును ఆ ప్రాసాదముననే ఉపదిష్టమైనది. ఇందు కాయము, వేదన, చిత్తము, ధర్మము అను నాలుగింటిని గూర్చి నాలుగేసి చొప్పున పదునాఱు అంగములు కలవు. ఇట క్రియాపదములు గమనింపదగినవి. దీర్ఘశ్వాసను గూర్చిన మొదటి అంగమునను, హ్రస్వశ్వాసను గూర్చిన రెండవ అంగమునను 'పజానాతి', అనగా ఎఱుగును అనియే యున్నది. మూడవదానినుండి పదునాఱవదానివఱకు 'సిక్ఖతి', అనగా అభ్యసించును అని మాఱినది. ఉన్న శ్వాసను ఉన్నట్లెఱుగుట మొదలు. ఆ మీదట నభ్యాసము. ఆ యభ్యాసమునకు విశేషణములుగ వచ్చినవి అనుభవించుట, ఉపశమింపజేయుట, సంతోషపెట్టుట, సమాధానపఱచుట, విడిపించుట, పరిశీలించుట అను నర్థములు గలవి. నిగ్రహించుట యను నర్థము గలది యొక్కటియు లేదు.

క్రీ. శ. 5వ శతాబ్దమున సింహళమునందు బుద్ధఘోషుడు రచించిన విసుద్ధిమగ్గమున 8వ పరిచ్ఛేదము ఈ భేదమును వివరించినది. తొలి దశలో ఎఱుక మాత్రమే చాలుననియు, పిదప జ్ఞానోత్పాదనాదులయందు యత్నము వలయుననియు నతని యాశయము. శ్వాసలను ఐదింటికి తక్కువగాని పదింటికి మించిగాని లెక్కింపరాదనియు, మొదట ధాన్యము కొలుచువానివలె నెమ్మదిగా లెక్కింపవలెననియు నతడు బోధించును. మ్రోగిన కంచుయొక్క నాదము సన్నగిల్లినట్లు, లెక్కతో స్థిరపడిన శ్వాస క్రమముగా సూక్ష్మమగునట. దానిని ఎవరును బిగబట్టలేదు. కాయము శాంతించుటచేతనే యది సూక్ష్మమైనది.

విముక్తి విషయమునను ఈ క్రమమే కలదు. పండ్రెండవ అంగము చిత్తమును విడిపించుటను గూర్చినది. ధ్యానమున నీవరణములు తొలగుట యొక విధమైన విడుదలయే. కాని ధ్యానమునుండి లేచినపు డవి మరల తలయెత్తవచ్చును. అందుచేతనే సాధన యచట ముగియలేదు. అనిత్యత, విరాగము, నిరోధము, ప్రతినిసర్గము అను చివరి నాలుగంగములు ప్రజ్ఞకు సంబంధించినవి. పట్టుకొన్నదానిని తిరిగి విడుచుట ప్రతినిసర్గము. ఏకాగ్రతయే గమ్యమని బోధించినచో ఈ నాలుగును నిరర్థకములగును.

ఆ గణకుడు మఱియొక ప్రశ్న వేసినాడు: శిష్యులందఱును నిర్వాణమును పొందుదురా? కొందఱు పొందుదురు, కొందఱు పొందరని బుద్ధుని సమాధానము. రాజగృహమునకు ఒకే దారి చెప్పినను ఒకడు చేరును, వేఱొకడు దారి తప్పును. తథాగతుడు దారి చూపువాడు మాత్రమే. ఇట్టి సందర్భమున శిక్షకు విధించువాడు లేడు, అభ్యసించువాడు కలడు. కావున 'సిక్ఖతి' యను క్రియను తెలుగున 'అభ్యసించును' అని అనువదించుటయు, త్రివిధశిక్షలను బోధించునపు డీ యర్థమును ముందుగా విద్యార్థులకు ఎఱిగించుటయు యుక్తమని మా యభిప్రాయము.