దడ అంటే భయమేనా?

గుండె గుభేలుమంది. గుండె ఝల్లుమంది. గుండె జారిపోయింది. గుండెల్లో రాయి పడింది. గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి... మన తెలుగులో గుండె చప్పుడు కాస్త మారిందంటే చాలు, దానికి భయమనే అర్థం చెప్పేసుకుంటాం. కథలు రాసేదాన్ని కాబట్టి ఈ మాటలన్నీ నాకూ బాగా అలవాటే. చిక్కల్లా ఎక్కడ వస్తుందంటే, నిజంగా గుండె దడ వచ్చిన ఆడమనిషి ఆ మాట పైకి చెప్పినప్పుడు. "దడగా ఉందండీ" అనగానే "దేనికమ్మా అంత భయం?" అంటారు. అదే మాట ఇంటాయన అంటే ఆ సాయంత్రానికే ఈసీజీ తీయించుకొస్తారు. మీ ఇంట్లో కూడా అంతేనేమో, ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

నాకు ముప్ఫై అయిదు దాటాక ఈ దడ మొదలైంది. మేడ మీద బట్టలు ఆరేసి దిగితే చాలు, పరుగుపందెంలో పరిగెత్తినట్టు గుండె కొట్టుకునేది. రాత్రి ఎడమ వైపు తిరిగి పడుకుంటే తలగడలోంచి దాని చప్పుడు వినిపించేది. ఒక్కోసారి ఓ క్షణం ఆగినట్టయి, మళ్ళీ లోపలినుంచి ఎవరో తన్నినట్టుండేది. మా అత్తగారు "దిష్టి తగిలిందే అమ్మాయ్" అన్నారు. పక్కింటి వదినగారు "గ్యాసు" అన్నారు. మా వారు "అర్ధరాత్రి దాకా మేలుకుని ఆ కథలు రాయకపోతే అదే తగ్గుతుంది" అన్నారు. ఓ క్లినిక్కులో అయితే నా మాట సగంలో ఉండగానే "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అంటూ నిద్రమాత్ర రాసిచ్చారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ ఒక్కరు కూడా నా కనురెప్ప కిందికి లాగి, లోపల ఎరుపుందో లేదో చూడలేదు.

నోటుపుస్తకం చెప్పిన సంగతి

కథలు రాసుకునే నోటుపుస్తకంలో వెనక పేజీలకి గీతలు గీసుకున్నాను. తేదీ, టైము, అప్పుడు చేస్తున్న పని, ఎంతసేపు ఉంది, నాడి ఎంత - అంతే. నాడి చూసుకోవడం పెద్ద విద్యేం కాదు. బొటనవేలి కింద మణికట్టు దగ్గర మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టడమే. కుదురుగా కూర్చున్న మనిషికి నిమిషానికి 60 నుంచి 100 దాకా ఉండొచ్చు. రెండు నెలలు రాశాక తిరగేసి చూస్తే, దడ ఎక్కువగా వచ్చిన రోజులన్నీ నెలసరి రోజులూ, ఆ తర్వాతి వారమూ! నాకు నెలసరి ఎనిమిది రోజులుంటుంది, రక్తస్రావం కూడా ఎక్కువే. మా అమ్మకీ అంతే, మా పెద్దమ్మకీ అంతే. అందుకని మా ఇంటావంటా దాన్నెవరూ జబ్బు కింద జమకట్టలేదు.

ఆ పుస్తకం పట్టుకుని రాజమండ్రిలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా అన్ని పేజీలూ చదివి, కళ్ళూ గోళ్ళూ చూసి, రక్తపరీక్ష, శరీరంలో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష, థైరాయిడ్, ఈసీజీ రాశారు. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ వస్తుందిట. నాకది సరిగ్గానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 8.2 ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భిణి కాని స్త్రీకి 12 కన్నా తగ్గితే రక్తహీనత, 8 కన్నా తగ్గితే తీవ్రం. అంటే నేను అంచున ఉన్నానన్నమాట.

మా ఊరి భాషలో చెబుతాను. లారీకి మొక్కలెత్తడానికి పన్నెండుమంది రావలసిన చోట ఎనిమిదిమందే వచ్చారనుకోండి. చీకటి పడేలోగా లారీ కదలాలంటే ఆ ఎనిమిదిమందీ పరుగులు పెట్టాలి. ఒంట్లో ప్రాణవాయువుని మోసేది హిమోగ్లోబిన్. దానికి కావలసింది ఇనుము. ఇనుము చాలక మోసేవాళ్ళు తగ్గిపోతే, ఉన్న రక్తాన్నే ఎక్కువసార్లు తిప్పడానికి గుండె తొందరపడుతుంది. అదీ నా దడ. ఇందులో భయమూ లేదు, దిష్టీ లేదు.

నెలకి 80 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ రక్తం పోతే దాన్ని అధిక రక్తస్రావం అంటారు. అంత రక్తంతో సుమారు 40 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం తిండిలో రోజుకి పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, స్త్రీకి 29. మరి మన ఇళ్ళల్లో ఆఖర్న కూర్చుని గిన్నె అడుగున మిగిలింది వేసుకునేదెవరు? ఎక్కువ కావలసినావిడే కదూ!

మొక్కకున్న మర్యాద

మా కడియం, కడియపులంక, వేమగిరి చుట్టుపక్కల ఎటు చూసినా నర్సరీలే. ఇక్కడ బడికెళ్ళే పిల్లాడికి కూడా ఆకు చూస్తే జబ్బు తెలుస్తుంది. లేతాకు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము చాలలేదని అర్థం. వెంటనే అన్నభేది కలిపి కొడతారు. ముదురాకుల్లో ఈనెల మధ్య పాలిపోతే మెగ్నీషియం లోపం. ఆకు అంచులు మాడితే పొటాష్ సంగతి చూస్తారు. ఏ మొక్కనీ "నీకు టెన్షన్ ఎక్కువైంది" అని వదిలెయ్యరు! ఇంతకీ ఆ అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటే. ఆసుపత్రిలో ఇచ్చే చాలా ఇనుము బిళ్ళల్లో ఉండేదీ ఆ పదార్థమే. (అలాగని చేలో కొట్టేది నోట్లో వేసుకునేరు, అది మనుషుల కోసం శుద్ధి చేసింది కాదు.)

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి ముందు 2015-16 సర్వేలో 60. నాలుగైదేళ్ళలో తగ్గింది ఆ మాత్రమే. బస్సులో పదిమంది ఆడవాళ్ళు కూర్చుంటే ఆరుగురు అన్నమాట. ఆ ఆరుగురిలో ఎంతమందికి మెట్లెక్కితే దడ వస్తోందో, ఎంతమంది దాన్ని "నీరసం" అని కొంగుతో తుడిచేసుకుంటున్నారో!

బిళ్ళ వేసుకునే పద్ధతి

డాక్టరుగారు నాకు ఇనుము బిళ్ళలు రాస్తూ నాలుగు మాటలు చెప్పారు. బిళ్ళ వేసుకోవడానికి నిమ్మరసం నీళ్ళు మంచివి. పులుపులోని సి విటమిన్ ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. కాఫీ, టీ, పాలు, కాల్షియం బిళ్ళ దాని దరిదాపులకి రాకూడదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. కడుపులో తిప్పితే మానెయ్యకుండా వచ్చి చెప్పాలి, మందు మార్చడమో రోజు విడిచి రోజు వేసుకోమనడమో చేస్తారు. హిమోగ్లోబిన్ సరిపోయిందనగానే ఆపెయ్యకూడదు, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి. వాటితోపాటు రక్తస్రావం ఎందుకెక్కువవుతోందో స్కాన్ తీయించి దానికీ వైద్యం చేశారు. తూముకి గండి పూడ్చకుండా చెరువు నింపితే ఏం లాభం చెప్పండి?

ఇంకో సంగతి. రక్తహీనతంతా ఇనుము లోపమే కాదు. తలసీమియా లక్షణం పుట్టుకతో ఉన్నవాళ్ళకీ రక్తం తక్కువే కనిపిస్తుంది, వాళ్ళకి ఇనుము లోపం లేకపోతే ఆ బిళ్ళలు పనిచెయ్యవు. అందుకే పరీక్ష ముందు, బిళ్ళ తర్వాత.

ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన అనీమియా ముక్త్ భారత్ పథకం కింద గర్భిణులకి ఇచ్చే బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. ఊరికే ఇస్తున్నారని చులకన చేసి అటకమీద పడేసే ఇళ్ళు నాకు తెలుసు. ఆ బిళ్ళలోని ఫోలిక్ ఆమ్లానికి మన గోదావరి జిల్లాలతో చుట్టరికం ఉంది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1940లలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న మనిషి. స్ప్రూ వ్యాధి ఆయన కుటుంబంలో ప్రాణాలు తీసింది. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకి ఫోలిక్ ఆమ్లం మందయింది.

ఇనుమొక్కటే కాదు

గుండె కొట్టుకోవడమంటే లోపల సన్నటి విద్యుత్తు పుట్టి పాకడమే. ఆ విద్యుత్తు సరిగా నడవాలంటే పొటాషియం, మెగ్నీషియం తగుపాళ్ళలో ఉండాలి. మా అత్తగారు రక్తపోటుకి, ఒంట్లో నీరు తీసే రకం మాత్ర వాడేవారు. ఆ మాత్ర మూత్రంతోపాటు పొటాషియాన్నీ పంపించేస్తుంది. పోయిన వేసవిలో దానికి విరేచనాలు తోడయ్యాయి. మూడో రోజుకి కాళ్ళు పీకి, మంచం దిగలేక, "గుండె తప్పి తప్పి కొట్టుకుంటోందే" అన్నారు. పరీక్ష చేయిస్తే పొటాషియం 2.9. ఉండాల్సింది 3.5 పైన. ఆసుపత్రిలో ఉంచి సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించారు. మెగ్నీషియం కూడా తగ్గితే ఎంత పొటాషియం ఇచ్చినా నిలవదని అక్కడే తెలిసింది.

"గ్యాసు" సంగతి కూడా చెప్పాలి. దడ అనగానే గ్యాసు బిళ్ళ వేసుకుని, అది అలవాటై ఏళ్ళ తరబడి మింగేవాళ్ళున్నారు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ జాతి బిళ్ళలు ఏడాది పైబడి రోజూ వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుందనీ, దానివల్ల గుండె లయ తప్పొచ్చనీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. దడకని వేసుకున్న బిళ్ళే దడ తెచ్చిపెట్టొచ్చన్నమాట! డాక్టరు అవసరమని రాసినవాళ్ళు మానక్కర్లేదు. ఎన్నాళ్ళు వాడాలో మాత్రం అడగండి.

అలాగని మందుల షాపులో మెగ్నీషియం, పొటాషియం అడిగి కొనుక్కోకండి. లోపం లేనివాళ్ళకి మెగ్నీషియం బిళ్ళ దడ తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకీ, రక్తపోటు మందుల్లో కొన్ని రకాలు వాడేవాళ్ళకీ అది ఒంట్లో పేరుకుపోతుంది. కొబ్బరిచెట్ల నీడలో పుట్టి పెరిగిన మా బంధువొకావిడకి మూత్రపిండాల డాక్టరు కొబ్బరిబోండాం మానిపించేశారు. మిగతా మనందరికీ కొబ్బరినీళ్ళు, రావులపాలెం అరటిపళ్ళు, కందిపప్పు, రాగిజావ, తోటకూర, మునగాకు, గుప్పెడు వేరుశనగపప్పు హాయిగా సరిపోతాయి. తెల్లగా మరపట్టించిన బియ్యంలోంచి తవుడుతో పాటే మెగ్నీషియం చాలావరకు పోతుంది, అదొకటి గుర్తుంచుకోండి.

అప్పుడు మాత్రం ఆగకండి

దడతో పాటు కళ్ళు తిరిగి పడిపోయినా, గుండెలో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా, పనిచేస్తూండగా లయ తప్పి స్పృహ తప్పుతున్నట్టనిపించినా నోటుపుస్తకాలూ వద్దు, నిమ్మరసాలూ వద్దు. 108కి ఫోన్ చెయ్యండి. మీ ఇళ్ళల్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుంటే ఆ మాట డాక్టరుకి మొదటే చెప్పండి.

అయిదు నెలల్లో నా హిమోగ్లోబిన్ 12.1కి వచ్చింది. పరుగు తగ్గింది. మధ్యలో ఆగి తన్నే ఆ దెబ్బ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. ఎకో తీసి గుండె బాగుందన్నారు. వేళకన్నా ముందు ఒక దెబ్బ పడి, ఆ వెనక కాస్త ఎడమొచ్చి, తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుందిట. చాలామందికి ఉండేదే, హాని లేదన్నారు. నిద్ర చాలని రోజునా, రెండో కాఫీ తాగిన రోజునా ఎక్కువ. వస్తే వచ్చిందని లెక్క రాసుకుని నా పని చేసుకుంటున్నాను.

మా వీధిలోంచి రోజూ పొద్దున్నే ఆడవాళ్ళు నర్సరీ పనికి వెళతారు. కవర్లలో మట్టి నింపడం, కలుపు తీయడం, అంటు కట్టడం వాళ్ళ చేతిమీదే నడుస్తాయి. చాలామంది వట్టి కాళ్ళతోనే తడిమట్టిలో తిరుగుతారు. కొంకిపురుగు పిల్ల అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి దూరి, పేగు పట్టుకుని రక్తం పీలుస్తుంది. వాళ్ళలో ఒకామె నా గొడవంతా విని, "నాకూ అలాగే కొట్టుకుంటాదండి, పరీక్షకెళితే ఆ రోజు కూలి పోతాదండి" అంది. ఆఖరికి వెళ్ళింది. 6.8 ఉంది. కూలీ పోయింది. పురుగులకి మందూ, రక్తానికి మందూ వాడి ఇప్పుడు బాగా తేరుకుంది. నర్సరీలున్న అమ్మగార్లూ, అయ్యగార్లూ, మీ దగ్గర పనిచేసేవాళ్ళకి తలో జత బూట్లు, ఏడాదికోసారి రక్తపరీక్షకి కూలి కొయ్యకుండా ఒక పూట సెలవు ఇవ్వలేరా? ఒక మంచి అంటుమొక్క ఖరీదు కూడా కాదది.