చమురు దేశంలో కనిపించని దుప్పటి

కువైట్‌లో కొన్నేళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లకి ఇది అనుభవమే. ఎండాకాలంలో కూడా ఊరికి దూరంగా పొడి ఎడారిలో పొద్దుగూకితే వేడి గబగబా దిగుతుంది. అదే సముద్రం ఒడ్డున తేమగాలి తిరిగిందంటే అర్ధరాత్రి దాటినా ఒకటే ఉక్కపోత. రెండు చోట్లా సూర్యుడు లేడు కదా, మరి ఈ తేడా ఎందుకు?

పగలంతా ఎండని పీల్చుకున్న నేల, ఆ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా పైకి వదులుతుంది. గాలిలోని నీటి ఆవిరి ఆ కిరణాల్ని పట్టుకుని కొంత వేడిని మళ్లీ కిందికే పంపుతుంది. తేమ ఎక్కువుంటే వేడి తేలిగ్గా బయటపడదు. హరితగృహ ప్రభావం అంటే ఇదే. నిజానికి ఇది శాపమేం కాదు. ఇదే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకి 18 డిగ్రీలు దిగువన ఉండేది. సుమారు 15 డిగ్రీల దగ్గర మనం హాయిగా బతుకుతున్నామంటే ఈ దుప్పటి చలవే!

దుప్పటి మందమైంది

మరి ముప్పు ఎక్కడొచ్చింది? నీటి ఆవిరి సుమారు పది రోజుల్లో వానగానో మంచుగానో దిగిపోతుంది. కార్బన్‌ డయాక్సైడ్‌ అలా దిగదు. సముద్రాలు, చెట్లు పీల్చుకోగా మిగిలింది వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకి ఇది 280 పాళ్లు. హవాయిలోని మౌనాలోవా కొండ మీద 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు సుమారు 315. 2024లో సగటున 424 దాటింది. బొగ్గు, చమురు, గ్యాసు మండించడమే దీనికి ప్రధాన కారణం. అడవుల నరికివేత, సిమెంటు తయారీ దానికి తోడు. పశువులు, వరిమళ్లు, చెత్తకుప్పలు, గ్యాసు లీకుల నుంచి వచ్చే మీథేన్‌ ఇంకొకటి. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమని పట్టి ఉంచగలదు. అంటే దుప్పటి మీద ఇంకో దుప్పటి!

1991లో ఇరాక్‌ సైన్యం వెనక్కి పోతూ కువైట్‌లో 600కు పైగా చమురు బావులకి నిప్పు పెట్టింది. ఆ నల్లటి పొగని ప్రపంచమంతా చూసింది. అదే ఏడాది నవంబరుకల్లా మంటలన్నీ ఆర్పేశారు. పవర్‌ప్లాంట్లలో, బండ్ల ఇంజన్లలో రోజూ మండే చమురు పొగ మాత్రం అలా కంటికి ఆనదు. అందుకే దాన్ని ఆర్పాలన్న తొందరా ఎవరికీ లేదు.

ఏసీ లోపలా, ఎండలోనా?

2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఇక్కడ జూన్‌ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. కానీ ఆ తర్వాత కూడా వేడిగాలి అలాగే ఉంటుంది. వేసవి కరెంటులో సింహభాగం ఏసీలదే. ఆ కరెంటు కోసం మళ్లీ చమురూ గ్యాసూ మండాలి. తలసరి లెక్కన ఏడాదికి ఇండియాలో సుమారు 2 టన్నుల కార్బన్‌ డయాక్సైడ్‌ వెలువడితే, కువైట్‌లో 20 టన్నులకు పైనే. లోపల చల్లదనం అందరికీ సమానంగా లేదు, బయటి వేడి మాత్రం ముందు తగిలేది కూలి పని చేసేవాళ్లకే.

మన ఊళ్లకీ ఇదే సెగ. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బ మరణాలు సర్కారు లెక్కల్లోనే వెయ్యి దాటాయి.

చమురుని తిట్టడానికి మేం ఇది రాయడం లేదు. ఊళ్లో ఇంటి స్లాబూ, పిల్లల ఫీజులూ ఆ చమురు పుణ్యమే. కానీ కరెంటు బిల్లు అద్దెలోనే కలిసిపోయిందని, ఎవరూ లేని గదిలో ఏసీ రోజంతా తిరగనక్కర్లేదు కదా. 24 డిగ్రీల దగ్గర పెట్టుకున్నా నిద్ర పడుతుంది. మధ్యాహ్నం పని ఆపమన్న నిబంధన మనకోసమే పెట్టింది, దాన్ని వదులుకోవద్దు. పక్క మంచం అన్నకి తల తిరుగుతోందంటే 'ఎండే కదా' అని ఊరుకోకుండా నీడకి చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే వైద్యానికి తీసుకెళ్లాలి. దుప్పటి పలచబడటానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఈలోగా మన మనిషిని మనం కాపాడుకోవాలి.