అరవై ఏళ్ల మస్టాంగ్ కొంటారా? ముందు చక్రం నట్లు లెక్కపెట్టండి!

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ శివార్లలోని వుడ్‌వర్డ్ అవెన్యూకి వెళ్తే మన ఊరి తిరునాళ్లే గుర్తొస్తాయి. రోడ్డుకి రెండు పక్కలా మడత కుర్చీలు, ఐస్‌బాక్సులు, తాతల ఒళ్లో మనవలు. ఎదురుచూసేది మాత్రం రథం కోసం కాదు. రెక్కల్లాంటి తోకలున్న కాడిలాక్‌ల కోసం, రెండు రంగుల షెవర్లే బెల్ ఎయిర్‌ల కోసం, గుండెల్లో దడపుట్టించే పాంటియాక్ జీటీఓల కోసం. 1995లో ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊళ్లో సాకర్ మైదానానికి చందాలు పోగేద్దామని మొదలెట్టిన కార్యక్రమం ఇది. ఇప్పుడు వేల కార్లు, లక్షల జనం!

ఆ గుంపులో మనవాళ్లూ బాగానే కనిపిస్తారు. మొదటి ఏడాది సెల్ఫీలు దిగుతారు. రెండో ఏడాది రేట్లు అడుగుతారు. మూడో ఏడాదికి 'మనమూ ఒకటి కొంటే?' అనే పురుగు తొలుస్తుంది. ఆ పురుగు మీకూ పట్టిందా? అయితే ఇది మీకోసమే.

మొదటి కారు ఏది?

పాత అమెరికన్ కార్ల ప్రేమికుల్ని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు ఫోర్డ్ మస్టాంగ్. అందులోనూ 1964-66 మధ్య వచ్చినవి. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో దీన్ని జనం ముందుకు తెచ్చారు. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. తొలిరోజే 22 వేల ఆర్డర్లు! పైకి స్పోర్ట్స్ కారు, లోపల చాలావరకు ఫోర్డ్ ఫాల్కన్ అనే మామూలు ఫ్యామిలీ కారు విడిభాగాలే. అందుకే చవగ్గా ఇవ్వగలిగారు. ఆ మూడు మోడళ్లూ కలిపి 12 లక్షలకు పైగా తయారయ్యాయి.

ఆ సంఖ్యే ఇప్పుడు మనకు వరం. కార్లు బోలెడు కాబట్టి పార్టులూ బోలెడు. తలుపు హ్యాండిల్ నుంచి మొత్తం బాడీ షెల్ దాకా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. బాగుచేయడం తెలిసిన మెకానిక్కులూ దొరుకుతారు. ఎవరి దగ్గరా లేని అరుదైన కారు వినడానికి గొప్పే కానీ, చిన్న రబ్బరు ముక్క కోసం ఏడాది తిరగాల్సి వస్తుంది.

నంబర్లో జాతకం

ఇప్పుడు అన్ని కార్లకీ 17 అక్షరాల విన్ నంబరు ఉంటుంది. అది 1981 నుంచి వచ్చిన పద్ధతి. అంతకుముందు ఏ కంపెనీ లెక్క దానిదే. మస్టాంగ్‌ది చదవడం చాలా తేలిక.

మొట్టమొదటి మస్టాంగ్ నంబరే తీసుకోండి. 5ఎఫ్08ఎఫ్100001. ముందున్న 5 అంటే 1965 మోడల్. తర్వాతి ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. 08 అంటే టాప్ తీసేసే కన్వర్టిబుల్. రెండో ఎఫ్ ఇంజిన్ కోడ్, 260 క్యూబిక్ అంగుళాల వీ-ఎయిట్. మిగతాది వరస నంబరు. ఈ కారుకో సరదా కథుంది. ప్రదర్శన కోసం కెనడా పంపిన ఈ కారుని అక్కడి డీలరు ఓ పైలట్‌కి అమ్మేశాడు! నాలుక్కరుచుకున్న ఫోర్డ్ కంపెనీ, 1966లో ఆయనకో కొత్త మస్టాంగ్ ఇచ్చి పాతదాన్ని వెనక్కి తెచ్చుకుంది. ఇప్పుడది డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

మీరు చూసే కారుకి 07 ఉంటే మామూలు హార్డ్‌టాప్, 09 ఉంటే వెనక వాలుగా జారే ఫాస్ట్‌బ్యాక్. 1965లో ఇంజిన్ కోడ్ టీ అయితే ఆరు సిలిండర్లది. సీ, ఏ, కే మూడూ 289 వీ-ఎయిట్‌లే. వాటిలో కే అన్నిటికంటే బలమైంది, 271 హార్స్‌పవర్. ఫాస్ట్‌బ్యాక్, కన్వర్టిబుల్, కే కోడ్.. వీటికి రేటెక్కువ.

రేటెక్కువ అన్నచోటే మోసం మొదలవుతుంది. ఆరు సిలిండర్ల కారులో వీ-ఎయిట్ బిగించి 'ఫ్యాక్టరీ నుంచే ఇంతే' అంటారు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. చక్రం నట్లు లెక్కపెట్టండి. ఆరు సిలిండర్ల కారుకి ఒక్కో చక్రానికి నాలుగు, వీ-ఎయిట్‌కి ఐదు. నాలుగు నట్లతో వీ-ఎయిట్ కనిపిస్తే అమ్మేవాడి మాట అబద్ధం. ఐదున్నాయి కదా అని పూర్తిగా నమ్మేయొద్దు, అదీ మార్చొచ్చు. విన్‌లో ఇంజిన్ కోడ్ చూడాల్సిందే. అది కూడా తలుపు మీది రేకు చూసి సరిపెట్టుకోకండి. అలాంటి రేకులు కొత్తవి చేయించుకోవచ్చు. బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు లోపలి ఏప్రన్ మీద ఫ్యాక్టరీ గుద్దిన నంబరు చదవండి. అదీ, రేకూ, టైటిల్ కాగితం మూడూ ఒకటే చెప్పాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా దండం పెట్టి వచ్చేయడమే.

షెల్బీ జీటీ350 అని చెబితే ఇంకా జాగ్రత్త. 1965లో చేసినవి 562 మాత్రమే. అన్నీ శాన్ హోసే ఫ్యాక్టరీలో పుట్టిన కే కోడ్ ఫాస్ట్‌బ్యాక్‌లు. అంటే ఫోర్డ్ నంబరు 5ఆర్09కే అని మొదలవ్వాలి. లేకపోతే అది వేషం వేసుకున్న మామూలు మస్టాంగ్.

అసలు శత్రువు తుప్పు

ఇంజిన్ పోతే ఇంకోటి దొరుకుతుంది. రంగు పోతే మళ్లీ వేయొచ్చు. తుప్పు పడితే మాత్రం జేబుకి చిల్లే. మిషిగన్‌లాంటి మంచు రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది కింది భాగాన్ని చెదలా తినేస్తుంది. అందుకే అరిజోనాలాంటి పొడి ప్రాంతాల కార్లకి గిరాకీ.

మస్టాంగ్‌లో ముందు చూడాల్సింది కౌల్. అంటే ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే చోటు. రెండు రేకుల్ని అతికించి చేసిన డబ్బా అది. లోపల ఆకులు, నీళ్లు చేరి తుప్పు పడుతుంది. బయటికి ఏమీ కనపడదు. ఓనర్ని అడిగి ఒక చెంబు నీళ్లు అక్కడ పోయించండి. డాష్‌బోర్డ్ కింద కార్పెట్ తడిసిందంటే రిపేరు పెద్దదే. తర్వాత ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల అడుగున, వెనక చక్రాల చుట్టూ ఆనించి చూడండి. అతుక్కోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. ఇవన్నీ అయ్యాక కూడా పాత కార్లు తెలిసిన మెకానిక్ చేత లిఫ్ట్ ఎక్కించి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అందం సరే, ప్రాణం?

ఇది ఫొటోల్లో కనపడని విషయం. 1964-66 మస్టాంగ్‌లో బ్రేకులకి ఒకటే హైడ్రాలిక్ సర్క్యూట్. ఒక్కచోట ఫ్లూయిడ్ కారిపోయినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని సర్వర్. పైగా ఎక్కువ కార్లకి ముందు కూడా డ్రమ్ బ్రేకులే. ఎయిర్‌బ్యాగులు లేవు, భుజానికి బెల్టు లేదు. గుద్దుకుంటే ముడుచుకునే స్టీరింగ్ రాడ్డు లేదు. పెట్రోల్ ట్యాంక్ పైభాగమే డిక్కీకి అడుగు.

ఇక్కడే అభిమానులు రెండు పార్టీలుగా విడిపోయారు. 'ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, నట్టు మార్చినా విలువ పోతుంది' అని ఒకరు. 'నడపలేని కారెందుకు?' అని ఇంకొకరు. నా ఓటు రెండోవాళ్లకే, కాకపోతే చిన్న షరతుతో. డ్యుయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్, ముందు డిస్క్ బ్రేకులు, మూడు పాయింట్ల బెల్టులు పెట్టించుకోండి. తీసిన పాత భాగాలు పేరు రాసి పెట్టెలో దాచండి. రేపు కొనేవాడికి కావాలంటే మళ్లీ బిగించుకుంటాడు. పెళ్లాంబిడ్డల్ని ఎక్కించుకునే కారులో ఒరిజినాలిటీ కంటే బ్రేకే ముఖ్యం.

అలాగని ప్రతి గీతా చెరిపేయమని కాదు. 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్‌ని ఒక కుటుంబం 1974లో 6 వేల డాలర్లకి కొని, ఇంటి కారులా వాడింది. మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా అమ్మలేదు. సొట్టలు, వెలిసిన రంగు, షూటింగ్ గుర్తులు అలాగే ఉంచి 2020లో వేలం వేస్తే ఫీజులతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. కొత్త రంగు వేసి ఉంటే ఆ చరిత్ర తుడిచిపెట్టుకుపోయేది.

అమ్మేటప్పుడు

మంచి రేటు కావాలంటే నిజం చెప్పడమే దగ్గర దారి. తుప్పున్న చోటికీ ఫొటో తీయండి. చల్లారిన ఇంజిన్ స్టార్ట్ అయ్యే వీడియో పెట్టండి. చేయించిన ప్రతి పనికీ బిల్లు ఫైల్లో ఉంచండి. డబ్బు తీసుకునేది బ్యాంకులోనే అయితే దొంగ చెక్కుల బెడద ఉండదు. టైటిల్ మీద సంతకం పెట్టాక, కారు అమ్మేశానని రాష్ట్ర రవాణా శాఖకి తెలపండి. లేకపోతే అవతలివాడి చలాన్లు మీ ఇంటికొస్తాయి.

మనవాళ్లకి ఇంకో హెచ్చరిక. సొంత కారు అమ్ముకోవడం వేరు, లాభం కోసం వరసగా కొని అమ్మడం వేరు. ఏడాదికి కొన్ని దాటితే చాలా రాష్ట్రాల్లో డీలర్ లైసెన్స్ అడుగుతారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప పనిచేయకూడదు. సరదా వ్యాపారంగా మారితే వీసాకే ఎసరు. సందేహముంటే ముందే లాయర్ని అడగండి.

ఇక షెడ్డు అద్దె, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి చూస్తే చాలామందికి లాభం మిగలదు. ఇన్సూరెన్స్ మాత్రం ముందే విలువ ఒప్పుకునే 'అగ్రీడ్ వాల్యూ' పాలసీ తీసుకోండి. మామూలు పాలసీ అయితే అరవై ఏళ్ల కారుకి తుక్కు రేటు కట్టినా కట్టొచ్చు.

మరి ఎందుకు కొనాలి? ఈ కార్లని కొత్తగా కొన్న తరం ఇప్పుడు ఎనభైల్లో ఉంది. వాళ్ల గ్యారేజీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. కారుతోపాటు కార్బ్యురేటర్ని చెవితో విని సరిచేసే విద్య కూడా వాళ్ల చేతుల్లోనే ఉంది. కొనేటప్పుడు తాళాలు తీసుకుని పరుగెత్తకండి. ఒక గంట కూర్చోండి. చలికాలంలో చోక్ ఎంత లాగాలో, ఏ శబ్దానికి భయపడాలో, ఏ శబ్దాన్ని పట్టించుకోనక్కర్లేదో అడిగి తెలుసుకోండి. ఆ పెద్దాయన ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఆ గంట మళ్లీ దొరకదు!