హైపోథైరాయిడిజం ఔషధ మోతాదు

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అవటు గ్రంథి శరీరానికి చాలినంత హార్మోనును తయారు చేయలేని స్థితిని హైపోథైరాయిడిజం అంటారు. ఈ గ్రంథినే వాడుకలో థైరాయిడ్ అంటారు. అలసట, బరువు పెరగటం, చలికి తట్టుకోలేకపోవటం, మలబద్ధకం, చర్మం పొడిబారటం, ఋతుక్రమంలో మార్పులు ఈ వ్యాధి ముఖ్య లక్షణాలు. హార్మోను లోటును లీవోథైరాక్సిన్ అనే మాత్రతో పూరిస్తారు. ఈ మందు మోతాదు అందరికీ ఒకటి కాదు. ఒకే వ్యక్తికి కూడా జీవితమంతా ఒకే మోతాదు సరిపోకపోవచ్చు. రక్తపరీక్షల ఆధారంగా వైద్యుడు, రోగి కలిసి దానిని సరిచేసుకుంటూ ఉండాలి. హైదరాబాదుతో సహా 8 భారతీయ నగరాలలో జరిపి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వయోజనులలో సుమారు 11 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది.

చరిత్ర

1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే వైద్యుడు గొర్రె అవటు గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి, ఈ వ్యాధితో బాధపడుతున్న ఒక స్త్రీకి స్వస్థత చేకూర్చాడు. ఆమె ఆ చికిత్సతోనే 1919 వరకు జీవించింది. అయితే జంతువుల గ్రంథి సారంలో హార్మోను పాళ్ళు ఒకసారి ఉన్నట్లు మరొకసారి ఉండేవి కావు. 1914 డిసెంబరు 25న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటిక రూపంలో వేరుచేశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్‌లు దీనిని కృత్రిమంగా తయారు చేశారు. 1970వ దశకంలో టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష వాడుకలోకి వచ్చిన పిదప, అంతకుముందు ఇస్తూ వచ్చిన మోతాదులు చాలామందికి అవసరానికి మించినవని తెలిసింది.

ఔషధం పనిచేసే విధానం

అవటు గ్రంథి టి4, టి3 అనే రెండు హార్మోనులను స్రవిస్తుంది. లీవోథైరాక్సిన్ మాత్రలో ఉండేది టి4. శరీరం తన అవసరాన్ని బట్టి దీనిని టి3గా మార్చుకుంటుంది. రక్తంలో ఈ హార్మోనులు తగ్గితే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్.ను ఎక్కువగా విడుదల చేసి అవటు గ్రంథిని ప్రేరేపిస్తుంది. హార్మోనులు పెరిగితే టి.ఎస్.హెచ్. తగ్గుతుంది. కనుక మందు వాడుతున్న వారి రిపోర్టులో టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉంటే సాధారణంగా మందు చాలలేదని అర్థం. మందు ఎక్కువైందని కాదు. ఈ అంకెను తిరగేసి అర్థం చేసుకొని సొంతంగా మాత్ర తగ్గించుకుంటే లోటు మరింత పెరుగుతుంది.

టి4 అర్ధాయువు సుమారు 7 రోజులు. అంటే వారం గడిచినా అందులో సగం శరీరంలో మిగిలి ఉంటుంది. కొత్త మోతాదు పూర్తి ప్రభావం స్థిరపడటానికి 5 నుండి 6 వారాలు పడుతుంది. అందువలన మోతాదు మార్చిన వారం, పది రోజులకే పరీక్ష చేయిస్తే వచ్చే ఫలితం పాత, కొత్త మోతాదుల మిశ్రమ ప్రభావాన్ని మాత్రమే చూపుతుంది. దానిని బట్టి మోతాదును మళ్ళీ మార్చటం సరికాదు.

మోతాదు నిర్ణయం

గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయని వయోజనులకు రోజుకు శరీర బరువులో కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరమవుతాయి. ఆ లెక్కన 60 కిలోల వ్యక్తికి 96, అంటే ఇంచుమించు 100 మైక్రోగ్రాములు. గ్రంథి కొంతవరకు పనిచేస్తున్నవారికి ఇంతకంటె తక్కువ చాలు. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఒక్కసారిగా పూర్తి మోతాదు ఇస్తే గుండెపై భారం పడవచ్చు. పుట్టుకతోనే ఈ లోపం ఉన్న శిశువులకు కిలోకు 10 నుండి 15 మైక్రోగ్రాములు వెంటనే మొదలుపెడతారు. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

మందు మొదలుపెట్టిన లేదా మార్చిన 6 నుండి 8 వారాలకు టి.ఎస్.హెచ్. పరీక్షిస్తారు. వయోజనులలో ఇది లీటరుకు సుమారు 0.4 నుండి 4.0 మిల్లీ యూనిట్ల మధ్య ఉండాలి. ప్రయోగశాలను బట్టి ఈ హద్దులు కొంత మారుతాయి. వృద్ధులలో కాస్త ఎక్కువ ఉన్నా అంగీకరిస్తారు. మోతాదు కుదిరిన తరువాత 6 నెలలకు ఒకసారి, ఆపైన ఏడాదికి ఒకసారి పరీక్ష సరిపోతుంది.

మాత్ర వేసుకొనే పద్ధతి

* ఉదయం పరగడుపున నీటితో వేసుకొని, అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, అల్పాహారం తీసుకోరాదు. కాఫీ మందు శోషణను తగ్గిస్తుంది.
* ఉదయం కుదరనివారు రాత్రి భోజనం చేసిన 3 గంటల తరువాత వేసుకోవచ్చు. ఏ వేళను ఎంచుకున్నా రోజూ దానినే పాటించాలి.
* కాల్షియం, ఐరన్ మాత్రలకు, ఈ మాత్రకు మధ్య 4 గంటల ఎడం ఉండాలి. కడుపులో మంటకు వాడే కొన్ని మందులు, సోయా ఆహారం కూడా శోషణకు అడ్డుపడతాయి.
* ఒకరోజు మరచిపోతే ఆందోళన అవసరం లేదు. తరచు మరచిపోతుంటే మాత్రం ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.
* మాత్రలను ఎండ, వేడి, తేమ తగలని చోట ఉంచాలి.

మోతాదు మారవలసిన సందర్భాలు

గర్భధారణలో హార్మోను అవసరం 25 నుండి 50 శాతం వరకు పెరుగుతుంది. తొలి నెలలలో శిశువు పూర్తిగా తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. కాబట్టి గర్భం నిర్ధారణ కాగానే తరువాతి అపాయింటుమెంటు కొరకు వేచి ఉండక వైద్యుని సంప్రదించాలి. గర్భిణి ఈ మందు మానటం తల్లికీ, బిడ్డకూ ప్రమాదకరం. ప్రసవం తరువాత సాధారణంగా మోతాదును పాత స్థాయికి తగ్గిస్తారు. బరువులో పెద్ద మార్పు, పేగులలో శోషణను దెబ్బతీసే వ్యాధులు, ఈస్ట్రోజెన్ మాత్రలు, కొన్ని మూర్ఛ మందులు కూడా మోతాదును ప్రభావితం చేస్తాయి. మందుల దుకాణంలో మరొక కంపెనీ మాత్ర ఇచ్చినప్పుడు 6 వారాల తరువాత పరీక్ష చేయించుకోవటం మంచిది.

వైద్యునికి తెలుపవలసిన విషయాలు

వైద్యుడు రిపోర్టులోని అంకెను చూసి మోతాదు మారుస్తాడు. ఆ అంకె వెనుక ఉన్న కారణం రోగికి మాత్రమే తెలుస్తుంది. మాత్రను కాఫీతో కలిపి వేసుకుంటున్న వ్యక్తికి టి.ఎస్.హెచ్. పెరిగితే మార్చవలసింది అలవాటును, మోతాదును కాదు. అందువలన మాత్ర వేసుకొనే వేళ, మరచిన రోజులు, వాడుతున్న ఇతర మందులు, పాత రిపోర్టులు అన్నీ వైద్యుని ముందుంచాలి. జుట్టు కొరకు వాడే బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి. వాటిని పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి. రక్తం ఇచ్చిన తరువాతే ఆనాటి థైరాయిడ్ మాత్ర వేసుకోవటం మేలు.

టి.ఎస్.హెచ్. సరైన స్థాయిలో ఉన్నా అలసట తగ్గకపోతే రక్తహీనత, విటమిన్ల లోపం, నిద్రలేమి, మానసిక కుంగుబాటు వంటి ఇతర కారణాలను వెదకాలి. అలసట పోవటానికి మోతాదు పెంచుకుంటూ పోరాదు.

మోతాదు ఎక్కువైతే, మందు మానివేస్తే

మోతాదు ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి కలుగుతాయి. ఇది చాలాకాలం కొనసాగితే గుండె లయ తప్పటం, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు పెళుసు బారటం సంభవించవచ్చు. బరువు తగ్గటం కొరకు ఈ మందును వాడటం అపాయకరం.

రిపోర్టు బాగా వచ్చిందని మందు మానివేయటం తరచుగా జరిగే పొరపాటు. చాలామందిలో ఆ ఫలితం మందు పనిచేస్తున్నదనటానికి నిదర్శనమే తప్ప వ్యాధి పోయిందనటానికి కాదు. మానిన కొన్ని వారాలకు లక్షణాలు తిరిగి వస్తాయి. కాన్పు తరువాత వచ్చే వాపు వంటి తాత్కాలిక కారణాలున్న కొందరికి మాత్రమే, పరీక్షల పర్యవేక్షణలో, వైద్యులు మందును తగ్గించి ఆపుతారు.