విశ్రాంతి అడిగితే వీడ్కోలు దొరికింది

2010 సెప్టెంబరు 8. తను పుట్టించిన బ్యాండ్‌ నుంచి మైక్‌ పోర్ట్‌నాయ్‌ బయటికొచ్చేసిన రోజు. నిజానికి అతను అడిగింది రాజీనామా కాదు, కొంతకాలం విశ్రాంతి. పాతికేళ్లుగా ఆల్బమ్‌, ఆ వెంటనే టూరు, మళ్లీ ఆల్బమ్‌. కాస్త ఆగి ఊపిరి పీల్చుకుందామన్నాడు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు మనసు మార్చుకుని తిరిగొస్తానంటే, అప్పటికే అతని డ్రమ్స్‌ స్టూలు మీదికి వేరే మనిషిని ఖాయం చేసుకున్నారు.

బ్యాండ్‌లో డ్రమ్మర్‌ అంటే వెనక వరసలో కూర్చుని తాళం తప్పకుండా చూసేవాడని మనకో లెక్క. ‘డ్రీమ్‌ థియేటర్‌’లో ఆ లెక్క చెల్లదు.

1985లో బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో ముగ్గురు కుర్రాళ్లు కలిశారు. గిటారిస్టు జాన్‌ పెట్రూచీ, బేస్‌ వాయించే జాన్‌ మ్యూంగ్‌, న్యూయార్క్‌ రాష్ట్రంలోని లాంగ్‌ బీచ్‌ నుంచి వచ్చిన పోర్ట్‌నాయ్‌. ముగ్గురూ చదువు మధ్యలోనే వదిలేశారు. మొదట పెట్టుకున్న ‘మెజెస్టీ’ అనే పేరు అప్పటికే వేరే బ్యాండ్‌కు ఉండటంతో, రేడియోలో డిస్క్‌ జాకీగా పనిచేసిన పోర్ట్‌నాయ్‌ తండ్రి కాలిఫోర్నియాలోని ఓ పాత సినిమా హాలు పేరు సూచించాడు. అదే నిలిచింది. 1992లో వచ్చిన రెండో ఆల్బమ్‌ ‘ఇమేజెస్‌ అండ్‌ వర్డ్స్‌’లో ఎనిమిది నిమిషాలు దాటే ‘పుల్‌ మీ అండర్‌’ రేడియోల్లోనూ ఎంటీవీలోనూ మోగిపోయింది. అంత పేరు తెచ్చిన రికార్డింగే పోర్ట్‌నాయ్‌కి గొంతులో ముల్లు. నిర్మాత డ్రమ్స్‌కి ట్రిగ్గర్లు పెట్టించాడు. అంటే స్నేర్‌ మీద మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ముందే దాచిపెట్టిన ఒకే శబ్దం పలుకుతుంది. చెయ్యి చేసే వాయింపులోని హెచ్చుతగ్గులన్నీ చదునైపోతాయి. ఆ శబ్దం తనది కాదని అతను తర్వాత బాహాటంగానే చెప్పాడు. 1999 నుంచి ఆల్బమ్‌ల నిర్మాణ బాధ్యతను పెట్రూచీతో కలిసి తానే చేపట్టడానికి ఇలాంటి చేదు కూడా ఒక కారణమేనని నా అనుమానం.

ఆ ఏడాది వచ్చిందే ‘సీన్స్‌ ఫ్రమ్‌ ఎ మెమరీ’. అందులో ఆరు నిమిషాల పైచిలుకు వాద్య రచన ఒకటుంది, ‘ది డాన్స్‌ ఆఫ్‌ ఎటర్నిటీ’. కర్ణాటక సంగీతంతో కాస్త పరిచయం ఉన్నవారికి ఏడు, అయిదు లెక్కలు కొత్త కాదు. తకిట తకధిమి అంటూ మిశ్రచాపు వేళ్ల మీద వేయగలం. కానీ తాళమాలికల వంటివి పక్కన పెడితే, మన కీర్తన మొదలైన తాళంలోనే ముగుస్తుంది. తని ఆవర్తనంలో మృదంగం ఎన్ని పల్టీలు కొట్టినా కింద తాళం కదలదు. ఇక్కడ కదిలేది తాళమే. ఆ ఆరు నిమిషాల్లో నూరుసార్లకు పైగా లెక్క మారుతుంది. ఏడు మొదలై స్థిరపడిందనుకునేలోపు అయిదు, దాని వెనకే ఇంకేదో. మధ్యలో బ్యాండ్‌ కీబోర్డిస్టు జోర్డన్‌ రూడెస్‌ పియానో మీద హఠాత్తుగా పాతకాలపు ర్యాగ్‌టైమ్‌ అందుకుంటాడు. వేలు మడుస్తూ వింటే మొదటి నిమిషంలోనే తప్పిపోతాం. వేళ్లు వదిలేసి పోర్ట్‌నాయ్‌ సింబల్‌ను పట్టుకుని వెళ్తే మాత్రం దారి దొరుకుతుంది. ప్రతి మలుపులోనూ వినేవాడికి ఒక ఆనవాలు వదులుతాడు. ఈ తరహా సంగీతాన్ని లెక్కల పరీక్షలా వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు. అతను దాన్ని పాటలా వాయించాడు. డ్రమ్మర్లలో రింగో స్టార్‌నూ నీల్‌ పియర్ట్‌నూ ఒకే భక్తితో విన్న మనిషి కదా!

డ్రమ్స్‌ బయట కూడా అతనికి చేతినిండా పనే. ఏ ఊళ్లో కిందటిసారి ఏ పాటలు వాయించారో రాసిపెట్టుకుని, ఈసారి అవి రాకుండా జాబితా మార్చేవాడు. కొన్ని రాత్రుల్లో మెటాలికా, పింక్‌ ఫ్లాయిడ్‌ల ఆల్బమ్‌లను మొదటినుంచి చివరిదాకా వాయించారు. ఆ ఆలోచన కూడా అతనిదే. 2000లో మద్యం మానేశాక ఆ అనుభవాన్ని ఆల్బమ్‌కో పాట చొప్పున 2002 నుంచి 2009 దాకా అయిదు పాటలుగా రాశాడు. మద్యం మానాలనుకునేవాళ్ల సంఘాలు చెప్పే పన్నెండు మెట్లే వాటికి ఆధారం. ఆ అయిదింటినీ కలిపి వేదిక మీద వాయించే వేళకు అతను డ్రీమ్‌ థియేటర్‌లో లేడు. 2017లో హేకెన్‌ అనే లండన్‌ బ్యాండ్‌ సభ్యులతో కలిసి ఆ ముచ్చట తీర్చుకున్నాడు.

2009 డిసెంబరులో ‘అవెంజ్డ్‌ సెవెన్‌ఫోల్డ్‌’ డ్రమ్మర్‌ ది రెవ్‌ చనిపోయాడు. పోర్ట్‌నాయ్‌ అంటే అతనికి ప్రాణం. ఆ అభిమానంతోనే మిగిలినవాళ్లు పోర్ట్‌నాయ్‌ని పిలిచారు. ‘నైట్‌మేర్‌’ ఆల్బమ్‌కు వాయించాడు, 2010లో అది అమెరికా చార్టుల్లో మొదటి స్థానంలో దిగింది. ఆ ఏడాది ముగిసేలోపు వాళ్లూ దారి వేరు చేసుకున్నారు. నాలుగు నెలల్లో రెండు తలుపులూ మూసుకున్నాయి.

ఆ తర్వాతి పదమూడేళ్లు అతను పనిలేక కూర్చున్నది లేదు. ఫ్లయింగ్‌ కలర్స్‌, వైనరీ డాగ్స్‌, సన్స్‌ ఆఫ్‌ అపోలో... పేర్లు గుర్తుపెట్టుకోవడమే అభిమానులకు ఓ పని. 2015లో డ్రమ్మర్‌ ఏజే పీరో చనిపోతే, ‘ట్విస్టెడ్‌ సిస్టర్‌’ వీడ్కోలు కచేరీలకు వెళ్లి తిన్నగా నాలుగు దెబ్బల రాక్‌ వాయించాడు. నూరు మలుపుల మనిషికి అది చిన్నతనంగా తోచలేదు.

ఇటు డ్రీమ్‌ థియేటర్‌ ఏడుగురు ఉద్దండుల్ని పరీక్షించి మైక్‌ మాంజినీని ఎంచుకుంది. బర్క్లీలో ఆచార్యుడు, నిమిషంలో 1,200కు పైగా దెబ్బలు కొట్టిన రికార్డు వీరుడు. చేతి వేగంలో, లెక్కల పట్టులో పోర్ట్‌నాయ్‌ కన్నా ముందే ఉన్నాడు. బ్యాండ్‌కు తొలి గ్రామీ, 2022లో ‘ది ఏలియన్‌’ పాటకు, అతని హయాంలోనే వచ్చింది. ఆ పన్నెండేళ్లను మధ్యంతర ఏర్పాటుగా కొట్టిపారేసే అభిమానులతో నేను ఏకీభవించను. 2023 అక్టోబరులో పోర్ట్‌నాయ్‌ని వెనక్కి పిలిచినప్పుడు మాంజినీ హుందాగా తప్పుకున్నాడు. పోర్ట్‌నాయ్‌ మోసిన బరువులన్నీ మోయడం తన పని కాదని, బ్యాండ్‌ ఆగకుండా డ్రమ్స్‌ వాయించడమే తన పాత్రని అప్పుడు తన ప్రకటనలో చెప్పాడు.

తిరిగి చేరిక ఒక్కరోజులో జరగలేదు. 2020లో పెట్రూచీ సొంత ఆల్బమ్‌కు పోర్ట్‌నాయ్‌ వాయించాడు. మరుసటి ఏడాది ఇద్దరూ రూడెస్‌తో కలిసి ‘లిక్విడ్‌ టెన్షన్‌ ఎక్స్‌పెరిమెంట్‌’ అనే తమ పాత బృందాన్ని మళ్లీ కదిపారు. 2024 అక్టోబరులో లండన్‌లో నలభయ్యేళ్ల పండుగ టూరు మొదలైంది. 2025 ఫిబ్రవరి 7న ‘పారాసోమ్నియా’ విడుదలైంది. దాంట్లో డ్రమ్స్‌ అచ్చంగా పాత పోర్ట్‌నాయ్‌వే. నిర్మాతగా మాత్రం పెట్రూచీ పేరొక్కటే ఉంది. ఒకప్పుడు ప్రతి నిర్ణయంలోనూ వేలు పెట్టినవాడు ఆ కుర్చీ అడగకుండా వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు.