బరువు తగ్గిన తరువాత ఉదర శస్త్రచికిత్స – ఆరోగ్య బీమా వర్తింపు

శరీర బరువు భారీగా తగ్గినప్పుడు కొవ్వు కరుగుతుంది కాని, సాగిన చర్మం పూర్తిగా పూర్వస్థితికి రాదు. పొట్ట కింద మడతలుగా వేలాడుతుంది. మడతల్లో చెమట నిలిచి, చర్మం ఒరుసుకొని ఫంగస్ వ్యాధులు, పుండ్లు రావచ్చు. దీనికి ప్రధానంగా రెండు శస్త్రచికిత్సలున్నాయి.

1. పానిక్యులెక్టమీ: వేలాడే చర్మాన్ని, దానితో ఉన్న కొవ్వును మాత్రమే తొలగిస్తారు.

2. అబ్డామినోప్లాస్టీ: అదనపు చర్మాన్ని తీసివేసి, ఎడమైన ఉదర కండరాలను దగ్గరకు చేర్చి కుడతారు; బొడ్డును తిరిగి అమరుస్తారు. దీన్ని సాధారణంగా సౌందర్య చికిత్సగానే పరిగణిస్తారు.

బీమా వర్తింపు: ఆరోగ్య బీమా మినహాయింపులను బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణీకరించింది. వాటిలో 8వ దాని ప్రకారం రూపాన్ని మార్చే చికిత్సకు ఖర్చు చెల్లించరు. అయితే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణానికీ, ఆరోగ్యానికి ప్రత్యక్ష, తక్షణ ముప్పును తొలగించే చికిత్సకూ మినహాయింపు వర్తించదు. ఆ ముప్పును చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించాలి.

ఉదాహరణకు, "పొట్ట వికారంగా ఉంది" అనేది బీమాకు కారణం కాదు. "మందులు వాడినా పుండ్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి" అనేది పరిశీలించదగిన కారణం. కాబట్టి మందుచీటీలు, ఫోటోలు, వైద్యుని ధ్రువపత్రం భద్రపరచుకోండి. శస్త్రచికిత్సకు ముందే బీమా సంస్థ అనుమతి కోరండి. నిరాకరిస్తే ముందుగా ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై రెండు శస్త్రచికిత్సల్లో దేనికి బీమా వర్తించే అవకాశం ఎక్కువ? ఎందుకు?