విజయనగర కాలపు కులీన స్త్రీ పాత్రకు ఆహార్య రూపకల్పన

16వ శతాబ్దపు రాణి వేషం కావాలని అడిగితే రాయచోటిలోనైనా హైదరాబాదులోనైనా అద్దె దుకాణంవారు ఇచ్చేది దాదాపు ఒకటే: మెరిసే నైలాన్ చీర, ముఖమల్ రవిక, అట్ట కిరీటం. ప్రేక్షకులు అభ్యంతరం చెప్పరు. కాని వారు ఇంటికి తీసుకువెళ్లే చరిత్ర కూడా అదే అవుతుంది. కాబట్టి ఆధారాలను ఎలా చదవాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

రాయచోటి వీరభద్రాలయం మీలో చాలామందికి పరిచితమే. అదే దేవునికి లేపాక్షిలో ఉన్న ఆలయం మనకు ముఖ్యమైన ఆధారం. అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పోషణలో వెలసిన అక్కడి కప్పు చిత్రాలలో స్త్రీల చీరలపై చారలు, పూల నమూనాలు, పెద్ద కొప్పులు గమనించండి. పార్వతిని అలంకరించే దృశ్యంలో దేవికి చిత్రకారుడు ఇచ్చింది తాను చూసిన కట్టేనని భావించవచ్చు.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. ఆ చిత్రాలలో నీలం అరుదు. అంతమాత్రాన నీలి చీరలు లేవనుకోకూడదు. గోడకు పూసే రంగు వేరు, బట్టకు అద్దే రంగు వేరు. నీలిమందు, చిరివేరు ఎరుపు అప్పటికే తెలిసినవి. కృత్రిమ రంగులు మాత్రం 1856 తరువాతివి కనుక మిరుమిట్లు గొలిపే గులాబి, ఊదా రంగులను వదిలేయండి. ఇక లతామండపం స్తంభాల నమూనాలను నేటి చీర అంచులకు ధారాళంగా వాడుతున్నారు. అవి శిల్పాలు. నాటి నేతకు వాటికన్నా చిత్రాలలోని చీరలే దగ్గరి సాక్ష్యం.

1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మరో చిక్కు తెస్తాడు. మహర్నవమి ఊరేగింపులో అంతఃపుర స్త్రీలు ముత్యాల పూలు కుట్టిన ఎత్తైన కుల్లాయిలు ధరించారనీ, నగల బరువుకు చేతులు ఆనించి పట్టుకునే తోడు అవసరమైందనీ రాశాడు. లేపాక్షి చిత్రాలలో అలాంటి టోపీలు ప్రధానంగా పురుషుల తలపై కనిపిస్తాయి. ఏది నిజం? రెండూ కావచ్చు. పేస్ చూసింది పండుగ వేషం. కనుక సన్నివేశాన్ని బట్టి నిర్ణయించండి: ఊరేగింపుకు కుల్లాయి, ఇంటి సన్నివేశానికి కొప్పు. ఆ బరువును నటి నడకలోనూ చూపించండి; తేలికపాటి ప్లాస్టిక్ నగలతో చకచకా నడిస్తే ఆధారం వృథా.

కట్టు విషయంలో సినిమాను అనుసరించకండి. లోపావడపై కుచ్చిళ్లు దోపి, పిన్నుతో పైట బిగించే పద్ధతి ఆధునికం. ఖరీదైన పట్టు దొరకకపోతే సహజ రంగు నూలుచీర మేలు.

అభ్యాసం: తిరుమల ఆలయంలో కృష్ణదేవరాయల ప్రతిమకు ఇరువైపులా ఉన్న తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల చిత్రాలను పరిశీలించి, ఒక ఆలయ సన్నివేశానికి ఆహార్య పట్టిక రాయండి. ప్రతి వస్తువు ఎదుట దాని ఆధారాన్ని పేర్కొనండి. ఆధారం లేనిచోట ‘ఊహ’ అని రాయండి.